ఈ నడుము ఎవరి వైపుది?

పరుపుల కొట్టు, వెనక గది
సోమవారం

వదినగారికి మీ మరదలు రాస్తున్నది.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని అనుకోకండి. ఫోనులో మనిద్దరం మూడో మాటకే పోట్లాడుకుంటున్నామని మీ తమ్ముడు ఫోను తీసి అలమారా పైన పెట్టారు. "రాసుకోండి. కాగితం మధ్యలో అడ్డం రాదు. అవతలి మనిషి చివరిదాకా వినక ఏం చేస్తుంది?" అన్నారు. నా చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, దిద్ది తిరిగి మాత్రం పంపకండి. పోయినసారి అలా పంపారు.

అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ చిన్నది క్షేమంగా లేదు. ఆరు నెలలుగా నడుము నొప్పి. పొద్దున్నే చూస్తే పిల్లని మంచానికి మేకులేసి కొట్టినట్టుంటుంది. ముందు పక్కకి దొర్లుతుంది, తర్వాత గోడ పట్టుకుంటుంది, ఆ తర్వాత నన్ను పట్టుకుంటుంది. ఇరవై మూడేళ్ల పిల్ల! పది గంటలకి బస్టాండులో టికెట్ల కౌంటరుకి వెళ్లేసరికి మామూలు మనిషైపోతుంది. అక్కడ మధ్యాహ్నందాకా కూర్చుంటే మళ్లీ కర్రలా బిగుసుకుపోతుంది.

నా తలవంపులు చూడండి. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ పరుపులు కుట్టి పెడుతున్నాను. "దీని మీద పడుకుంటే నడుము నొప్పన్న మాటే ఉండదు" అని గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను. నా కన్నకూతురేమో నడుం పట్టుకుని కొట్టు ముందు నుంచే పోతుంది. బేరానికొచ్చినవాళ్లు చూస్తారని వెనక గుమ్మంలోంచి పంపుతున్నాను. దాని పరుపు మూడుసార్లు విప్పాను. ఒకసారి దూది తగ్గించాను, ఒకసారి పెంచాను, మూడోసారి ఏం చేశానో నాకే గుర్తు లేదు. సెలవు పెట్టించి నాలుగు రోజులు కదలకుండా పడుకోబెట్టాను. నాలుగో రోజుకి నొప్పి రెట్టింపైంది. పడుకుంటే పెరిగే నొప్పి ఎక్కడైనా ఉంటుందా?

మీ వైపు ఎవరికైనా ఇలాంటి నడుములున్నాయా? ఊరికే అడుగుతున్నాను.

మా పెద్దోణ్ణి ఆ లారీ పొట్టన పెట్టుకుని మొన్నటికి రెండేళ్లు. అప్పటినుంచి మీరు మా గడప తొక్కలేదు. దాని గురించి నేనేమీ అనను. గుడ్డపీలికల బస్తా మాత్రం పంపండి, దిండ్లలోకి అయిపోయాయి.

మీ మరదలు


కుట్టుకొట్టు, మిషను ముందు
గురువారం

మరదలా,

"ఊరికే అడుగుతున్నాను" అట! నువ్వు ఊరికే అడిగిన రోజు నేనెరగను. మా వైపు నడుములన్నీ కొలబద్దలు. మీ వైపు సంగతి చూసుకో. మీ పెదనాన్న నేల మీద గుండుసూది వెతుకుతున్నట్టు నడిచేవాడు. మా తమ్ముడి పెళ్లిలో ఆయన నాకు వంగి నమస్కారం పెడుతున్నాడనుకుని నేను మూడుసార్లు తిరిగి పెట్టాను. నాలుగోసారి మా తమ్ముడే చెప్పాడు, ఆయన నడకే అంతని.

పైగా నీ పరుపులు! ఒకసారి మీ ఇంట్లో పడుకుని లేస్తే నా వీపు మీద పన్నెండు గుంటలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పరుపు సరిగ్గా కుట్టలేక నా పుట్టింటి మీద పడ్డావు.

అయినా చిన్నదాన్ని పడుకోబెట్టకు. లేపి నడిపించు. వేణ్ణీళ్ల స్నానం చేయించు. విరిగిన ఎముకలకి కట్టు కట్టే డాక్టరు కాదు, పెద్దాసుపత్రిలో కీళ్లవాతం డాక్టరని వేరే ఉంటారు, అక్కడికి తీసుకెళ్లు. ఆలస్యం చేయకు. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోతోందా, అది కూడా అడుగు. ఇదంతా నాకెలా తెలుసని మాత్రం అడక్కు. కుట్టుకొట్టుకి రకరకాల మనుషులొస్తారు.

పీలికలు పోగవగానే పంపుతాను. నేను రావడమంటావా, ఇక్కడ ఊపిరాడని పని.

నీ ఉత్తరంలో తప్పులు పదకొండు. దిద్దలేదు, ఎన్నో చెబుతున్నానంతే.

నీ వదిన


పెద్దాసుపత్రి, మందుల కిటికీ ముందు బల్ల
బుధవారం

వదినగారికి,

వరస పొడుగ్గా ఉంది, అందుకని ఇక్కడే రాస్తున్నాను. మీరు చెప్పిన డాక్టరే. డాక్టరమ్మ. మన చిన్నదాని కంటే ఓ నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది, జడ కూడా సగమే అల్లుకుంది. "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగింది. పరుపులు కుడతానన్నాను. "అయితే మీకు నా మీద కోపమొస్తుంది. ఈ జబ్బుకి పడుకోవడమే పడదు" అంది. ముప్పై ఏళ్ల వ్యాపారాన్ని ఒక్క మాటతో చాపలా చుట్టి పక్కన పెట్టింది.

జబ్బు పేరు రైలంత ఉంది. నాకు చివరి పెట్టె మాత్రమే కనిపించింది. విషయం మాత్రం బాగా చెప్పింది. "ఒంట్లో కాపలావాళ్లుంటారమ్మా. బయటినుంచి రోగమొస్తే కొట్టి తరమడం వాళ్ల పని. మీ అమ్మాయి ఒంట్లో వాళ్లు పొరబడి వెన్నెముక కీళ్లనే కొడుతున్నారు. అందుకే లోపల వాపు. అది ఏళ్ల తరబడి ఉంటే పూసకి పూస అతుక్కుపోవచ్చు."

"కంచే చేను మేసిందన్నమాట" అన్నాను.

"ఇకనుంచి అందరికీ ఇలాగే చెబుతాను" అని కాగితం మీద రాసుకుంది. నా మాట ఒకరు రాసుకోవడం నా జన్మలో ఇదే మొదలు.

చిన్నదాని రక్తంలో ఇరవై ఏడో నంబరని ఒక గుర్తు దొరికింది. అది తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ వస్తుందట. ఆ మాట అనడమే తరువాయి. మీ తమ్ముడు నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను.

"మీ పెదనాన్న" అన్నారు.

"మీ అక్కగారు" అన్నాను.

"మా అక్కకేమైంది?"

"మెడ తిప్పమంటే మనిషంతా తిరుగుతుంది, తలుపులా."

డాక్టరమ్మ పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టింది. "ఆ నంబరున్న వాళ్లలో చాలామందికి జీవితాంతం ఏమీ రాదు. నంబరు లేకుండానే జబ్బు వచ్చినవాళ్లూ ఉన్నారు. వేరే జన్యువులు కూడా ఉన్నాయి. పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల మీదా మాకు అనుమానముంది. అసలు కాపలావాళ్లు ఎందుకు పొరబడతారో మాకే పూర్తిగా తెలీదు. ఇక్కడ నేరం జరగలేదు, ముద్దాయి కోసం వెతక్కండి" అంది. చూశారా, అంత చదివిన పిల్ల తెలీదని ఒప్పుకుంది. మీరూ నేనూ ఎన్నడైనా ఒప్పుకున్నామా?

మాత్రలిచ్చింది, వ్యాయామం చెప్పింది. తగ్గకపోతే కాపలావాళ్ల దూకుడు తగ్గించే ఇంజెక్షన్లున్నాయట. తర్వాత మీ మెడలో ఉండేలాంటి టేపే తీసి చిన్నదాని ఛాతీ కొలిచింది. ఊపిరి వదిలినప్పుడొకటి, గట్టిగా పీల్చినప్పుడొకటి. మధ్యలో రెండంగుళాలైనా తేడా ఉంటే మంచిదట. పక్కటెముకల దగ్గర కూడా పట్టేస్తే ఆ తేడా తగ్గిపోతుందట.

బంధువుల్లో ఇలా ఎవరున్నారని అడిగింది. మీ తమ్ముడు మెల్లగా "మా అక్కకి అప్పుడప్పుడు కన్ను ఎర్రబడుతుంది, కిటికీలు మూసుకుని కూర్చుంటుంది" అన్నారు. డాక్టరమ్మ నవ్వు ఆపేసింది. "ఆవిణ్ణి తీసుకురండి. అశ్రద్ధ చేస్తే చూపు పోవచ్చు" అంది. వదినగారూ, మీరు టేపుతో బతికే మనిషి. ఈ ఉత్తరం అందగానే ఛాతీ కొలుచుకుని రాయండి.

ఇంకొకటి. "ఇంట్లో ఇంకెవరికైనా పొద్దున్నే లేవడం కష్టంగా ఉండేదా?" అని కూడా అడిగింది. లేదన్నాను. ఈ బల్ల మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. పెద్దోడి గది ముందు నిలబడి ఎన్ని పొద్దులు అరిచానో! "లేరా ఎద్దూ, ఎండ నడినెత్తికొచ్చింది" అని. వాడు లేచి గోడ పట్టుకునేవాడు. చివరి ఏడాది తెల్లారకముందే లేచి రోడ్ల మీద పడ్డాడు. అప్పుడు తిరుగుబోతన్నాను. వాడిది సోమరితనమేనా వదినగారూ? మీరైనా చెప్పండి.

మా వరస వచ్చింది.

మీ మరదలు


కుట్టుకొట్టు
శనివారం

మరదలా,

కొలుచుకున్నాను. వదిలితే ముప్పై నాలుగు, పీలిస్తే ముప్పై ఆరున్నర. చాలా? ఇంకా కావాలంటే గుమ్మం కూడా కొలిచి పంపుతాను. నా మెడ తలుపా? తలుపే అయితే నీలాంటివాళ్లు రాకుండా ఎప్పుడో గడియ పెట్టుకునేదాన్ని. కన్నంటావా, రోజంతా సూదిలో దారం ఎక్కించే కన్ను ఎర్రబడక ఏం చేస్తుంది?

నన్ను కొలవడం మాని ముందు నువ్వు రక్తమిచ్చి రా. అప్పుడు తేలుతుంది ఎవరి వైపో.

రెండు బస్తాల పీలికలు బస్సులో వేయించాను. కొట్టు దులిపి, ఉన్నదంతా కూరేశాను.

వాడి గురించి అడిగావు. ఇప్పుడు బేరాలొచ్చాయి, మరోసారి రాస్తాను.

నీ వదిన


పరుపుల కొట్టు, నేల మీద
శుక్రవారం

వదినగారికి,

ముందు మీకు నచ్చే ముక్క రాస్తాను. మేమిద్దరం రక్తమిచ్చాం. డాక్టరమ్మ వద్దనే అంది. "జబ్బు లేనివాళ్లకి ఈ పరీక్షెందుకమ్మా?" అంది. ఇంట్లో శాంతి కోసమన్నాను. నా మొహం చూసి రాసిచ్చింది. మీ తమ్ముడికి ఆ నంబరు లేదు. నాకుంది. నాకు! పుట్టి ఇన్నేళ్లైనా ఒక్కరోజు నడుం పట్టుకుని ఎరగని నాకు! మీ తమ్ముడు రెండు రోజులుగా ఇంట్లో ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. సరే, ఒప్పుకుంటున్నాను. మా పెదనాన్నే. మా వైపే. పిల్లలకి ఇచ్చింది నేనే. సంతోషమేనా?

అప్పుడే సంతోషపడకండి. రెండో బస్తా విప్పాను.

పీలికల అడుగున మీ కత్తిరింపు కాగితాలున్నాయి. బట్ట మీద పెట్టి గీత గీసుకుంటారే, ఆ మందపాటి కాగితాలు. చూడకుండా కూరేసినట్టున్నారు. ఆరింటి మీద "నా పనికోటు" అని రాసి ఉంది, పక్కన ఏ ఏడో కూడా ఉంది. నేల మీద వరసగా పరిచాను. ఒక కాగితానికీ తర్వాతి కాగితానికీ వీపు ముక్క పావంగుళం పొడుగవుతోంది, ముందు ముక్క పావంగుళం పొట్టిదవుతోంది. నాకు చదువు రాకపోవచ్చు గానీ గుడ్డ ఎలా పడుతుందో తెలుసు. మనిషి ముందుకి ఒంగుతుంటే కోటు అలాగే కోసుకోవాలి. మీ నోరు అబద్ధమాడింది, మీ కత్తెర ఆడలేదు. నేను ఊరికే అడిగితే మీరెందుకు అంత ఎగిరిపడ్డారో ఇప్పుడర్థమైంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

ఏడో కాగితం మీది కాదు. చొక్కా వీపు. దాని మీద "పెద్దోడు" అని ఉంది. కింద మీ రాత: "నాలాగే. వీపు పావంగుళం ఎక్కువ వదలాలి."

మీకు తెలుసు. నేను వాణ్ణి ఎద్దని తిట్టిన రోజుల్లోనే మీకు తెలుసు. నాకెందుకు చెప్పలేదు?

మీ మరదలు


కుట్టుకొట్టు
ఆదివారం

మరదలా,

ఆ కాగితం బస్తాలో పడిందని నాకు తెలియదు. అల్మారాలో ఉందనుకున్నాను.

పదిహేనేళ్ల కిందట నాకూ ఒక డాక్టరు ఈ జబ్బే అన్నాడు. రెండుసార్లు వెళ్లి మానేశాను. నడిస్తే వదులయ్యేది, అది చాలనుకున్నాను. వంగిన దర్జీకి బట్టలెవరిస్తారని ఎవరికీ చెప్పలేదు.

వాడు చొక్కా కొలతకి వచ్చాడు. టేపు వీపు మీద పెట్టగానే తెలిసిపోయింది.

"ఎన్నాళ్లుగారా?" అన్నాను.

"ఏదత్తా?"

"నా దగ్గర నాటకాలాడకు. నీ వీపు నా వీపే."

"రెండేళ్లు. అమ్మకి చెప్పకత్తా."

"ఏం?"

"చెబితే పరుపు తప్పంటుంది. విప్పి కుట్టి, విప్పి కుట్టి, తన నడుం విరగ్గొట్టుకుంటుంది. ఇప్పుడు హాయిగా నేల మీద పడుకుంటున్నాను. అమ్మ లేచే వేళకి మంచమెక్కి దుప్పటి నలిపి పెడుతున్నాను. ఆవిడ పరుపు మీద నాకు నిద్ర పట్టలేదని తెలిస్తే వారం రోజులు అన్నం మానేస్తుంది" అని నవ్వాడు.

అప్పుడు వాణ్ణి డాక్టరు దగ్గరికి పంపాల్సింది. నేనే వెళ్లనిదాన్ని, వాడికేం చెబుతాను? నడవరా అన్నాను. తెల్లవారుతూనే గంటసేపు నడు, నేనూ అదే చేస్తాను అన్నాను. వాడు నడిచాడు. కొన్నాళ్లకి ఫోను చేశాడు. "అత్తా, నీ వైద్యం పనిచేసింది. అమ్మ తిట్టు మారింది. ఇదివరకు ఎద్దు, ఇప్పుడు తిరుగుబోతు" అన్నాడు.

ఆ రోజు కూడా వాడు నడవడానికే వెళ్లాడు.

ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీదికి వాణ్ణి పంపింది నేను. అందుకే మీ ఊరు రాలేదు. నీ మొహం ఎలా చూడను? అందుకే ఏ డాక్టరు దగ్గరికీ పోను. వాడికి దక్కనిది నాకెందుకు? నన్ను ఏమన్నా అను. ఈసారి తిరిగి అననులే.

నీ వదిన


పరుపుల కొట్టు, వెనక గది
గురువారం

వదినగారికి,

పదకొండు రోజులు రాయలేదు. మొదటి నాలుగు రోజులు రాసి ఉంటే ఈ జన్మకి మనకి మాటలుండేవి కావు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఎవరో పెద్దమనిషి కుట్టించుకున్న కొత్త పరుపు బరబరా చింపేశాను. ఆయన వచ్చి చూసి, "ఏమైందమ్మా?" అన్నాడు. "ఎలకలు" అన్నాను. రెండడుగులు వెనక్కి వేశాడు. అంత పరుపు చింపిన ఎలక ఇంకా లోపలే ఉందనుకున్నాడో ఏమో.

అయిదో రోజు చిన్నదాన్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. అది బాగుంది. గోడ పట్టుకోవడం మానేసింది, నాతో గొడవ పెట్టుకోవడం మొదలెట్టింది. అది బయటికి వెళ్లాక డాక్టరమ్మని అడిగాను. "ఈ జబ్బున్న పిల్లాడికి పొద్దున్నే నడవరా అని ఎవరైనా చెబితే, అది తప్పా?"

"నేను రాసే మొదటి మందే అదమ్మా. ఎవరు చెప్పారో గానీ మంచిమాట చెప్పారు" అంది. తర్వాత నా మొహం చూసి తలుపు దగ్గరికి వేసింది. చాలాసేపు ఇంకో రోగిని పిలవలేదు.

వదినగారూ, నాకు మాటలు పేర్చడం రాదు. వాడికి నొప్పి ఉన్నన్నాళ్లూ నేను తిట్లు పెట్టాను. నొప్పి తగ్గించిన మనిషి ఈ లోకంలో ఒక్కరే, మీరు. ఆ లారీ మీరు నడపలేదు. నేనూ నడపలేదు. నడిపినవాడు నిద్రపోయాడు, అంతే. డాక్టరు దగ్గరికి పంపనందుకు మీ మీద కోపం ఉంది, లేదనను. అది ఉంచుకుంటాను. మిగతాది మీరు మోయకండి.

వాడు దుప్పటి నలిపి పెట్టిన ముక్క చదివి ముందు ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది. ఎంత నటుడండీ! "పరుపెలా ఉందిరా?" అంటే "మబ్బు మీద పడుకున్నట్టుందమ్మా" అనేవాడు. సిమెంటు మీద పడుకున్న వెధవ. ఆ మాట నేను బేరానికొచ్చిన వాళ్లందరికీ చెప్పి ఎన్ని పరుపులు అమ్మానో!

వాడికి దక్కనిది నాకెందుకన్నారు. మీరు రాసిన ఒక్క ఉత్తరం వల్ల చిన్నదానికి దక్కింది. ఇక మీకూ దక్కాలి. నా ఇంట్లోంచి ఇంకొకరిని పోనిచ్చే ఓపిక నాకు లేదు. వచ్చే బుధవారానికి మీ పేర చీటీ రాయించాను. గుమాస్తా వయసడిగితే నిజం చెప్పాను, మన్నించండి. మీ తమ్ముడు మంగళవారం వస్తారు. ఆయనతో రాకపోతే నేను వస్తాను. నేనొస్తే నా నోరు కూడా వస్తుంది, మీ వీధి వీధంతా వింటుంది.

మీ మరదలు


కుట్టుకొట్టు, నిలబడి రాస్తున్నాను (డాక్టరమ్మ ఆజ్ఞ)
మంగళవారం

మరదలా,

క్షేమంగా చేరాను. గంటకోసారి మిషను ముందు నుంచి లేస్తున్నాను. బట్టలిచ్చినవాళ్లు నేను వాళ్లని చూసి మర్యాదకి లేస్తున్నాననుకుని తెగ సంతోషపడుతున్నారు.

అతుక్కున్న పూసలు అతుక్కున్నట్టే ఉంటాయి, మిగిలినవి కాపాడుకుందాం అంది కదా డాక్టరమ్మ. కంటి చుక్కలు వేసుకుంటున్నాను. ఎరుపు తగ్గింది. నీకు తెలియాలని రాస్తున్నాను, లేకపోతే ఇంకో పరుపు చింపి మళ్లీ ఎలకలంటావు.

ఆసుపత్రిలో నర్సు నా ఛాతీ కొలిస్తే తేడా ముప్పావంగుళం వచ్చింది. "మరి మాకు రెండున్నర రాశారే, అదెక్కడిది వదినగారూ?" అని అంతమంది ముందు అడగాలా నువ్వు? ముప్పై ఏళ్ల దర్జీని. ఒక్క కొలత తప్పు రాస్తే ఆ ఒక్కటే పట్టుకున్నావు.

నా రక్తంలోనూ ఆ నంబరుందని నిన్న కాగితం వచ్చింది. మనిద్దరికీ రక్తసంబంధం లేదన్న ధైర్యంతోనే కదా ఇన్నేళ్లూ తిట్టుకున్నాం! నా సొంత తమ్ముడికి లేనిది నీకూ నాకూ ఉంది. వాడింక ఈల వేయడం ఆపాడా?

అసలు ముక్క ఇప్పుడు రాస్తాను. ఇది నోటితో నీకెప్పటికీ చెప్పలేను. బయల్దేరే రోజు పొద్దున ముగ్గురం నడవడానికి వెళ్లాం. చిన్నది చేతులూపుకుంటూ ముందుకు పోయింది. నువ్వు నా మోచెయ్యి పట్టుకుని మిక్సీ పాడైన సంగతి చెబుతున్నావు. నాకు మెడ తిరగదు కదా, ఎదురుగా ఏముంటే అదే చూస్తాను. ఏ దారిన తీసుకెళ్తున్నావో మలుపు వచ్చేదాకా తెలియలేదు. పాలబండి ఆగి ఉంది. ఒకావిడ మెట్లు కడుగుతోంది. మామూలు రోడ్డే. వాడు అక్కడ పోయినప్పటినుంచీ ఈ రెండేళ్లూ నువ్వు ఆ రోడ్డు ఎక్కకుండా చుట్టు తిరిగి పోతున్నావని చిన్నది బస్సు దగ్గర చెప్పింది, అప్పటికి నాకు తెలియదు.

నా కాళ్లు కదల్లేదు. నీవీ ఆగిపోతాయనుకున్నాను. మిక్సీ మాట ఆపేశావు గానీ నా మోచెయ్యి వదల్లేదు. నా వైపు చూడకుండానే అన్నావు, "నడవండి వదినగారూ, నిలబడితే పట్టేస్తుంది" అని.

నడిచాం.

నీ వదిన